కాన్పు అనే పాత మాట

ఖాజాగూడ, హైదరాబాదు
12 జూలై 1998

అత్తయ్యా,

నమస్కారాలు. మామయ్య మోకాలి నొప్పి ఎలా ఉంది? నేను ఉత్తరం రాసి ఎన్నాళ్లయిందో నువ్వు లెక్క పెట్టుకునే ఉంటావు. ఆ తిట్లు తర్వాత తీరిగ్గా తిడుదువుగానీ, ముందు నా పని చూసిపెట్టు.

మా ఆఫీసు సంగతి చెప్పాను కదా, మాదాపూర్‌లో మేడ మీద రెండు గదులు. ఒక పాల సంఘం వాళ్లు తమ గేదెల వివరాలన్నీ కంప్యూటర్లో తెలుగులో కనపడాలన్నారు. ఏది ఎప్పుడు చూలు కట్టింది, ఎప్పుడు దూడను వేసింది, ఎన్ని పాలిస్తోంది, అన్నీ. మొదట ఆ మాటలు రాసే పని దినేష్ అనే అబ్బాయికిచ్చారు. వాడు ఇంగ్లీషు డిక్షనరీ ముందేసుకుని, గేదె దూడను వేసిన రోజుకు 'ఉత్పత్తి తేది' అని పెట్టాడు. పాల సంఘం పెద్దమనిషి గోవిందప్ప గారిది అనంతపురం వైపు, గేదెను ఎనుము అంటారు. ఆయన అది చూసి, "ఇది ఎనుమా నాయనా, సబ్బుబిళ్లా?" అన్నారు. ఆఫీసంతా ఒకటే నవ్వు. తెలుగు టీచరైన మేనత్త ఇంట్లో పెరిగిన పిల్లనని ఎవరో చెబితే ఆ పని తెచ్చి నా నెత్తిన పెట్టారు.

నేను 'ఈనిన తేది' అని రాశాను. మా మేనేజరు మొహం చిట్లించి, అది మోటు మాట, కంప్యూటర్లో బాగుండదు, 'ప్రసవం' అని మార్చమన్నాడు. నాకు చిర్రెత్తుకొచ్చింది గానీ జవాబు చెప్పడానికి నా దగ్గర సరుకు లేదు. ఆ మాట ఎక్కడిది? ఎంత పాతది? మోటుదేనా? నాలుగు ముక్కలు రాసి పంపు, తీసుకెళ్లి ఆయన బల్ల మీద పెడతాను.

మీ అల్లుడు శివశంకర్‌కి ఇక్కడ కొత్తగా లేస్తున్న ఆఫీసుల టవరు కట్టుబడి దగ్గర ఊపిరాడనంత పని. రోజూ ఎక్కడో ఒకచోట బండలు పేలుస్తూనే ఉంటారు. ఇంకేం విశేషాలు లేవు.

భాను


రేపల్లె
25 జూలై 1998

చి.సౌ. భానుశ్రీని ఆశీర్వదించి రాయునది.

మామయ్య మోకాలు అలాగే ఉంది, ఆయన నోరూ అలాగే ఉంది. నీ ఉత్తరంలో రెండు తప్పులు దొర్లాయి. దిద్ది దాచాను, వచ్చినప్పుడు చూపిస్తాను.

మోటు మాట అన్న ఆ మహానుభావుణ్ణి ఒక్క వారం నా తరగతిలో వెనక బెంచీ మీద కూర్చోపెట్టాల్సింది. ప్రసవం సంస్కృతం నుంచి వచ్చింది. మంచి మాటే, పండక్కి కట్టుకునే చీర లాంటిది. ఈనడం మనం ఎవరి దగ్గరా తెచ్చుకున్నది కాదు. తెలుగూ తమిళమూ కన్నడమూ మలయాళమూ విడివిడి భాషలు కాకముందు, ఇంకా ఒకే పొయ్యి మీద వండుకుతింటున్న రోజుల నాటిది. కన్నడ దేశంలో ఆవు ఈనుతుంది. మలయాళ దేశంలోనూ ఈనుతుంది. తమిళుల దగ్గర మాత్రం తల్లి ఈనుతుంది. 'ఈన్ర తాయ్' అంటారు, మనం కన్నతల్లి అన్నంత గౌరవంగా. మనం గొడ్లచావిట్లో వదిలేసిన మాటను వాళ్లు దేవుడి గదిలో పెట్టుకున్నారు.

ఇంకొకటి చెప్తాను. పొట్టలో దాగి ఉన్న కంకి బయటికి వస్తే వరి ఈనింది అంటాం. జనం కుప్పలుతెప్పలుగా వస్తే నేల ఈనినట్టు వచ్చారంటాం. గేదెకీ గింజకీ నేలకీ ఒకటే మాట. లోపల ఉన్నది తనంతట తాను బయటికి రావడం చూసి ఎవరో ఒక మనిషి మొదటిసారి ఆ శబ్దం చేసి ఉంటాడు కదా. ఆడదే అయి ఉంటుందని నా అనుమానం. ఆవిడ పేరు పోయింది, ఊరు పోయింది, ఆవిడ మొక్కిన దేవుడి పేరు కూడా పోయింది. ఆ శబ్దం మాత్రం నోటి నుంచి నోటికి వచ్చి మీ కంప్యూటర్లోకి ఎక్కబోతోంది. ఇన్నేళ్లు పాఠం చెప్పాను గానీ నిన్న రాత్రే నాకు ఇది తట్టింది.

ఈనిన తేది అనే రాయి. మార్చకు.

పోయినేడు కడుపు పోయినప్పటి నుంచి నువ్వు తిండి సరిగ్గా తినడం లేదని శివశంకర్ చెప్పాడు. వేళకు తిను.

ఆశీస్సులతో
పుణ్యవతి


ఖాజాగూడ
17 ఆగస్టు 1998

అత్తయ్యా,

నీ ఉత్తరం మేనేజరు రెండుసార్లు చదివాడు. తర్వాత "మీ అత్తయ్యగారు మా ఆఫీసులో చేరతారా?" అన్నాడు. ఈనిన తేది ఖాయమైంది.

నిన్న ఆదివారం, ఆ మాట నా కళ్ల ముందే జరిగింది.

మా ఇంటి ఓనర్లు పెంటయ్య, లచ్చమ్మ. వాళ్ల బర్రె మా మెట్ల పక్కనే పాకలో ఉంటుంది. పొద్దున పాలకు దిగితే లచ్చమ్మ పాక గుమ్మంలో నిలబడి ఉంది. "సప్పుడు చెయ్యకు బిడ్డా. జర దూరం నిలవడు" అంది. బర్రె పడుకుని లేస్తోంది, మళ్లీ పడుకుంటోంది. దాని కళ్లు మమ్మల్ని చూడటం లేదు. ఎక్కడో దాని లోపలికే చూసుకుంటున్నట్టు ఉంది.

మొదట రెండు గిట్టలు కనపడ్డాయి. తెల్లగా, మెత్తగా, ఇంకా నేల తగలని గిట్టలు. వాటి మీద ఆనించి మూతి. సరిగ్గా అప్పుడే టవరు వైపు బండలు పేలే ముందు మోగే సైరను మోగింది. లచ్చమ్మ గబుక్కున వెళ్లి బర్రె తలను తన పొట్టకు అదుముకుని రెండు చెవులూ అరచేతులతో మూసింది. పేలింది. నేల అదిరింది. బర్రె కదల్లేదు. ఒక్క మూలుగు మూలిగింది, అంతే, దూడ మొత్తం జారి గడ్డి మీద పడింది.

పడ్డది అలాగే ఉంది. నల్లగా, తడిగా, కదలకుండా. తల్లి తిరిగి నాకడం మొదలుపెట్టింది, దానికి ఎవరు నేర్పారో. కాసేపటికి దూడ చెవి ఒకటి కదిలింది. తర్వాత తుమ్మింది. లచ్చమ్మ నవ్వి, "గంతే. ఇగ బతికింది" అంది.

ఇంతవరకూ లేనిది ఉంది అత్తయ్యా. అంతకుముందు పాకలో మేం ముగ్గురం, ఆ తర్వాత నలుగురం. నాకు ఏడుపొచ్చింది. గుళ్లో కూడా నాకు ఎప్పుడూ అలా అనిపించలేదు. అంత పెద్ద టవరు లేస్తుంటే చూడటానికి ఊళ్ల నుంచి జనం వస్తున్నారు, దాని పక్కనే ఇది జరుగుతుంటే చూసింది మేమిద్దరమే.

లచ్చమ్మ నా మొహం చూసి ఒక మాట అడిగింది. నేను నవ్వి మెట్లెక్కి వచ్చేశాను. సాయంత్రం చెంబుడు జున్నుపాలు తెచ్చి ఇచ్చింది. ఇంకేం విశేషాలు లేవు.

భాను


రేపల్లె
29 ఆగస్టు 1998

చి.సౌ. భానుకి,

విశేషాలు లేవని వరసగా రెండు ఉత్తరాల్లో రాశావు. లేనిదాని గురించి ఎవరూ అన్నిసార్లు రాయరు. లచ్చమ్మ అడిగింది ఏమిటో నేను చెప్పనా? "ఎన్నో నెల బిడ్డా?" అని అడిగి ఉంటుంది.

ఎంత సంతోషంగా ఉందో రాయడం నాకు చేతకాదు. మామయ్య విని లేచి నిలబడి, మోకాలి సంగతి మర్చిపోయి వీధి చివరి దాకా నడిచి వచ్చారు. బరువులు ఎత్తకు. ఆటోల్లో కుదుపులు పడకు, నానక్‌రామ్‌గూడ రోడ్డు మీద గోతులు నేను చూశాను.

పురుడు సంగతి. మొదటి కాన్పు పుట్టింటివాళ్లు చెయ్యాలి, నిజమే. అయితే ఇక్కడ మంచి డాక్టర్లు లేరు. మామయ్యను వదిలి నేను నెలల తరబడి రాలేను. శివశంకర్ పెద్దమ్మ సుబ్బమ్మ గారు ఉండనే ఉన్నారు. అత్తగారు లేని ఇంటికి ఆవిడే పెద్దదిక్కు. ముగ్గుర్ని కని పెంచిన మనిషి, అన్నీ తెలుసు. చలిమిడి, పురుడు, నీళ్లు పోయడం అన్నీ ఆవిడ చేతుల మీదుగా జరిగితేనే మంచిది. ఖర్చంతా మేం పెట్టుకుంటాం.

పుణ్యవతి


ఖాజాగూడ
8 సెప్టెంబరు 1998

అత్తయ్యా,

మామయ్య మోకాలికీ నా పురుటికీ సంబంధం ఏమిటో నాకు అర్థం కాలేదు. వీధి చివరి దాకా నడిచారని నువ్వే రాశావు.

నేను దాచినందుకు కోపం వచ్చిందా? పోయినేడు నువ్వు రాత్రంతా బస్సులో కూర్చుని, ఒళ్లో గిన్నె పెట్టుకుని చలిమిడి తెచ్చావు. కడుపు చలవ అని నాకు తినిపించావు. నువ్వు వెళ్లిన వారానికే కడుపు పోయింది. మళ్లీ ఆశపెట్టి మళ్లీ నిన్ను ఏడిపించడం ఇష్టంలేక ఈసారి ఊరుకున్నాను. అంతే.

అమ్మ పోయాక ఎనిమిదేళ్లదాన్ని మీ ఇంటికి వచ్చాను. నా తల దువ్వింది నువ్వు. నేను పెద్దమనిషినైనప్పుడు కూర్చోపెట్టింది నువ్వు. ఇప్పుడు ఇంకెవరి చేతుల్లోనో పెట్టి దూరంగా కూర్చుంటానంటే కుదరదు. సుబ్బమ్మ గారు మంచావిడే. రానీ, ఉండనీ. ఐదో నెలలో చలిమిడి మాత్రం నువ్వు చెయ్యాలి, నువ్వు తేవాలి, నువ్వు పెట్టాలి. పురుడు నువ్వే పొయ్యాలి. లేదా ఎందుకు రావో నిజం రాయి.

భాను


రేపల్లె
30 సెప్టెంబరు 1998

భానూ,

ఈ ఉత్తరం మూడుసార్లు రాసి చించాను.

పోయినేడు నిన్ను ఆసుపత్రిలో చేర్చినప్పుడు నేను మళ్లీ వచ్చాను కదా. వరండాలో సుబ్బమ్మ గారు గోడకు ఆనుకుని ఏడుస్తున్నారు. నేను వెనక ఉన్నానని ఆవిడకు తెలియదు. "గొడ్రాలి చేతి చలిమిడి తినిపిస్తిమి. ఇట్ల గాక ఇంకెట్లయితాది?" అన్నారు. ఆవిడ చెడ్డ మనిషి కాదు. కడుపు మండి అన్నారు. నేను అలాగే వెనక్కి నడిచి బస్టాండుకు వెళ్లిపోయాను. మామయ్యకు ఒంట్లో బాగాలేదని కబురొచ్చిందని నీకు చెప్పించాను. అది అబద్ధం.

నాకు పిల్లలు లేరన్న బాధ ఎప్పుడో ఆరిపోయింది. నువ్వు వచ్చాక అసలే లేదు. కానీ ఇంకొకటి ఉంది, ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. నా జన్మలో నేను పురిటి పిల్లను చేతుల్లోకి తీసుకోలేదు. తల్లులు ఇవ్వక కాదు, చాలామంది ఇవ్వబోయేవారు. నేనే చేతులు కొంగులో చుట్టుకుని వెనక్కి జరిగేదాన్ని. రేపు ఆ బిడ్డకు చిన్న జలుబు చేసినా వాళ్లు నా చేతుల్నే తలుచుకుంటారని భయం. నువ్వు పుట్టినప్పుడు మీ అమ్మ నిన్ను నా ఒళ్లో పెట్టబోతే పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని వంటింట్లోకి పోయాను.

ఇలాంటివి నమ్మకూడదని ముప్పై ఏళ్లు పిల్లలకు పాఠం చెప్పాను. నేనూ నమ్మను. భయపడతాను, అంతే.

ఐదో నెల దాటకూడదని పక్కింటావిడ చేత చలిమిడి చేయించాను. ఆవిడ నలుగురు బిడ్డల తల్లి. నేను గిన్నె కూడా ముట్టుకోలేదు. వాళ్ల పెద్దబ్బాయి బాలు హైదరాబాదు వస్తున్నాడు, అతనితో పంపుతున్నాను. నా మాట విని తిను.

పుణ్యవతి


ఖాజాగూడ
12 అక్టోబరు 1998

అత్తయ్యా,

చలిమిడి అందింది. బర్రెకు పెట్టాను.

కోప్పడకు. చక్కగా తినేసింది, గిన్నె కూడా నాకింది. లచ్చమ్మ చూసి, "గంత మంచి పిండి బర్రెకేంది బిడ్డా?" అంది. సంగతంతా చెప్పాను. వాళ్ల వైపు చలిమిడి లేదట. మొత్తం విని, "మీ అత్త పరేషాన్ల ఉంది. నువ్వు లడాయి వెట్టుకోకు, పిలువు" అంది. అందుకని లడాయి మానేసి రాస్తున్నాను.

నీ ఉత్తరం చదివిన మర్నాడు డాక్టరు దగ్గరికి వెళ్లాను. పోయినేటి కాగితాలన్నీ బల్ల మీద పరిచి, తిన్నదాని వల్ల కడుపు పోతుందా అని అడిగాను. ఆవిడ పాత స్కానింగ్ తీసి చూసి, ఇది తిండి వల్ల పోయింది కాదంది. అప్పుడు పెరుగుదల ఎన్నో వారానికి ఆగిపోయిందో చూపించింది. నేను ఇంటికొచ్చి కేలండరు చూశాను. నువ్వు చలిమిడికి బియ్యం నానబోసేనాటికే అది ఆగిపోయింది అత్తయ్యా. నువ్వు ఒళ్లో గిన్నె పెట్టుకుని బస్సెక్కేసరికి నా లోపల ఎవరూ లేరు. ఈ సంగతి నాకూ తెలియదు, నువ్వు నిజం రాయకపోతే నేను అడిగేదాన్నీ కాదు. ఏడాది పాటు నువ్వు ఒక్కదానివే మోశావు.

ఆ స్కానింగ్ కాగితం మొన్న మా దగ్గరికి వచ్చిన సుబ్బమ్మ గారికి కూడా చదివి వినిపించాను. ఆవిడ లోపలికెళ్లి పడుకుంది. ఆ పూట అన్నం తినలేదు.

ఇవాళ మధ్యాహ్నం ఆఫీసులో కూర్చుని ఉంటే లోపలి నుంచి ఏదో తట్టింది. చేప తోక తగిలినట్టు. నేను కీబోర్డు మీద చేతులు అలాగే పెట్టి ఉండిపోయాను. దినేష్ ఏమైందని అడిగితే ఏమీ లేదన్నాను. ఎవరో ఉన్నారు. నాకు వేరే, తనకు వేరే గుండె. ఇంత వింతను ఒక్కదాన్నే చూడలేను. రా.

నీ భాను


రేపల్లె
31 అక్టోబరు 1998

నా తల్లీ,

నీ ఉత్తరం వచ్చి పది రోజులు దాటింది. జవాబు రాయడానికి చెయ్యి రాలేదు. మొన్న గుంటూరు వెళ్లి లైబ్రరీలో కూర్చున్నాను. మనసు బాగాలేనప్పుడు నేను చేసేది అదొక్కటే కదా.

ఈనడం గురించి నువ్వు అడిగావు. కనడం గురించి అడగలేదు. నాకు తెలుసుననుకున్నాను. పెద్ద నిఘంటువు తెరిస్తే నాకు తెలిసింది ఎంత తక్కువో తెలిసింది. కను నుంచి కాన్పు వచ్చింది. కందు వచ్చింది, పసికందులో ఉన్న కందు. తమిళంలో దానికి చుట్టమైన మాటకు అర్థం దూడ. చూడటం అనే కనుకీ దీనికీ చుట్టరికం ఉందో లేదో పండితులు తేల్చలేదు, నేనూ తేల్చను. నన్ను కూర్చోపెట్టేసింది ఇంకొకటి. ఎక్కడో బలూచిస్తాను కొండల్లో బ్రాహుయీ అని ఒక భాష ఉంది. మనకూ వాళ్లకూ మధ్య ఎన్ని నదులు, ఎంత ఎడారి. మనం విడిపోయి ఎన్ని వేల ఏళ్లయిందో ఎవరికీ సరిగ్గా తెలియదు. వాళ్ల దేవుడు వేరు, తిండి వేరు, అంకెలు కూడా చాలావరకు మారిపోయాయి. బిడ్డను కనడానికి మాత్రం వాళ్లకూ మనకూ ఒకటే వేరు నుంచి వచ్చిన మాట ఉంది. అన్నీ పారేసుకుంటూ పోయిన జనం ఈ ఒక్కదాన్ని చేతిలో పట్టుకుని కొండలెక్కారు.

ఆ పేజీ మీద చెయ్యి పెట్టి అలాగే కూర్చున్నాను భానూ. అంత పాత మాటను తరగతిలో నల్లబల్ల మీద సుద్దముక్కతో రాసినదాన్ని, నాకు దానితో పని లేదని ఎలా అనుకున్నాను? బిడ్డలను కన్నవాళ్లే దాన్ని కాపాడి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు. కననివాళ్లు, కనలేనివాళ్లు, మగవాళ్లు, ముసలివాళ్లు, అందరూ పలికితేనే వచ్చింది.

ఇవన్నీ తెలిశాక కూడా భయం పూర్తిగా పోలేదు. అబద్ధం రాయను. వస్తాను. మాఘమాసంలో వస్తాను. వంట చేస్తాను, పథ్యం వండుతాను, గుడ్డలు ఉతుకుతాను. పిల్లను ఎత్తుకోమని మాత్రం బలవంతం చెయ్యకు. దూరం నుంచి చూస్తాను, నాకు అది చాలు.

ఇక్కడ చేలన్నీ ఈనుతున్నాయి.

మీ అత్తయ్య


ఖాజాగూడ, హైదరాబాదు
3 మార్చి 1999

ఏమండీ,

నమస్కారాలు. భాను నిన్న ఉదయం ఆడపిల్లను కన్నది. తల్లీ పిల్లా క్షేమం. ఫోన్లో శివశంకర్ చెప్పే ఉంటాడు. అతను చెప్పలేనిది నేను రాస్తున్నాను. మీరు ఒక్కరే చదువుకోండి.

నొప్పులు తెల్లవారుజామున మొదలయ్యాయి. ఆసుపత్రి వరండాలో నేనూ సుబ్బమ్మ గారూ చెరో మూల కూర్చున్నాం. నేను వచ్చి నెలైనా ఆవిడ నాతో పొడిపొడిగానే మాట్లాడుతున్నారు, నేనూ అంతే. లోపల భాను కేక వినపడినప్పుడల్లా ఇద్దరం ఒకేసారి లేచేవాళ్లం, ఒకేసారి కూర్చునేవాళ్లం.

తర్వాత ఆ ఏడుపు వినపడింది. మీకు ఎలా చెప్పను? అంతకుముందు క్షణం వరకూ ఈ లోకంలో లేని గొంతు. వరండాలో చీపురు పట్టుకున్న ఆయా కూడా ఆగి నిలబడింది. నేను గోడ పట్టుకున్నాను.

నర్సు తెల్లగుడ్డలో చుట్టి తెచ్చింది. సుబ్బమ్మ గారు ముందుకెళ్లి చేతులు చాపారు. నేను అలవాటు ప్రకారం చేతులు కొంగులో చుట్టుకుని వెనక్కి జరిగాను. నర్సు ఆవిడకు ఇవ్వలేదు. "పుణ్యవతి గారెవరమ్మా? ముందు ఆమెకే ఇయ్యాలని పేషెంటు చెప్పింది. బొడ్డు కొయ్యకముందు నుంచి అదే మాట" అంది.

నేను కదల్లేదు. కదల్లేకపోయాను. ఆ భానుకు నేను ఎన్నిసార్లు చెప్పానో బలవంతం చెయ్యొద్దని. సుబ్బమ్మ గారు వెనక్కి తిరిగి నన్ను చూశారు. ఆ మనిషి కళ్లల్లోకి నేను అన్నాళ్లూ సరిగ్గా చూడనే లేదు. దగ్గరికొచ్చి నా కొంగు తనే విప్పారు. నా రెండు చేతులూ పట్టుకుని ముందుకు చాపించారు. "నిలబడినావేమి? పట్టుకో. తల కింద చెయ్యి పెట్టుకో. ఇట్ల" అన్నారు. నర్సు పిల్లను పెట్టింది. సుబ్బమ్మ గారు నా మోచేతి కింద తన చెయ్యి ఆనించి, పిల్ల సర్దుకునే దాకా తియ్యలేదు.

ఎంత బరువుందో తెలుసా? ఏమీ లేదు. అయినా నా భుజాల దాకా లాగేసింది. వేళ్లకు గోళ్లు ఉన్నాయండీ, అంతంత గోళ్లు, అన్నీ చక్కగా అమర్చి. నెత్తి మీద మెత్తటి చోట ఏదో కొట్టుకుంటోంది. ఇన్నేళ్లు నేను దేనికి భయపడి దూరంగా నిలబడ్డానో, అది నా చేతుల్లో వెచ్చగా ఊపిరి తీస్తోంది. దానికి ఏమీ కాలేదు. ఏడుపు ఆపి, నోరు ఒకసారి తెరిచి మూసి, నిద్రపోయింది.

కాసేపటికి నర్సు పిల్లను తల్లి దగ్గర పడుకోబెట్టాలని చేతులు చాపింది. నేను ఇవ్వలేదు. "కాస్త ఆగమ్మా" అన్నాను. ఆ అమ్మాయి ఇంకోసారి అడిగింది. ఇంకోసారి ఆగమన్నాను.

మీ పుణ్యవతి